పచ్చ ట్యాగు

శుక్రవారం. ముసఫ్ఫా క్యాంపుల
బట్టలు ఉతికినోళ్ళు ఉతికి పండుకున్నరు.
లింబాద్రి ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళె పెట్టి
"అన్నా, జర ఆడి చెప్పు" అన్నడు.
డెబ్బై రెండు గంటలల్ల గేము చేసి పంపే పోటీ అట,
అండ్ల ముప్పై గంటలు డ్యూటీకే పోయినయట.
నిద్ర లేక వాని కండ్లు
నానిన శనగలోలె ఉబ్బినయి.

నేను గేములు ఆడేటోన్ని కాదు.
స్కఫోల్డింగు కింద నిలబడి
క్లాంపు క్లాంపుకు మెడ ఎత్తి చూసేటోన్ని.
మంచిగుంటే పచ్చ ట్యాగు, లేకుంటే ఎర్రది.
మా సైటుల నడుమ రంగు లేదు.

ఆట సురువైంది.
తెల్లారి నాలుగున్నర, నీలం లుంగీల చిన్న మనిషి,
బాత్రూం లైను, టిఫిన్ డబ్బా, మెట్లు,
గేటు కాడ బస్సు.
పడితె బస్సు పోతది.
బస్సు పోతే ఆ రోజు హాజరు పోయినట్టే.

"ఎట్లుంది?"
ఆగురా, పదిహేడుసార్లు పడ్డ,
ఇంకా రెండో అంతస్తు మెట్ల కాడనే ఉన్న.

మంచిది ముందు చెప్తా.
కారిడార్ల చెప్పుల సప్పుడు ఇనంగనే
తలెత్తి తలుపు దిక్కు చూసిన,
హన్మాండ్లు వస్తున్నడేమో అని.
ఎడమకాలు జర ఈడ్చే ఆ సప్పుడు
ఎప్పుడు రికార్డు చేసినవ్?
దాన్ని ఎవ్వలు చెప్పినా తియ్యకు.
డప్పులు, ఈలలు పెట్టమంటరు. పెట్టకు.

ఇగ ఇది ఇను. మొఖం ముడుచుకోకు.
బటన్ నొక్కిన. మనిషి ఎగిరిండు.
నొక్కినదానికీ ఎగిరినదానికీ నడుమ
రెప్పపాటు సందున్నది.
ఆ సందులనే పదిహేడుసార్లు పడ్డ.

"బతుకు గట్లనే కష్టం గదన్నా,
అల్కగ చేస్తే అబద్ధమైతది."

కష్టం ఉండనీ, నేనెప్పుడు వద్దన్న?
నా మొదటి ఏడాది
నేను బిగించిన క్లాంపు చూసి ఫోర్మన్
ఒక్క మాట అనకుండ హెల్మెట్ ఇసిరికొట్టిండు.
వారం దినాలు నా తప్పు వెతుక్కున్న.
ఉన్నది ఒక్క తప్పు,
నాకు దొరికినయి వెయ్యి.
తర్వాత పెషావర్ ముసలాయన ఒకడు, రిగ్గర్,
నేను కట్టిన ముడి ఇప్పి, మళ్ళ కట్టి,
మళ్ళ ఇప్పి
తాడు నా చేతిల పెట్టిండు.
ఆయన బాస నాకు రాదు, నాది ఆయనకు రాదు.

తమ్మీ, నేను కాయిదాలు రాస్త.
ఎవరు పడ్డరు, ఎంత ఎత్తుకెల్లి, బెల్టు ఉండెనా.
పడ్డోన్ని అడిగితె తెల్వదు సార్ అంటడు,
అదీ, అడిగే తట్టు ఉంటే.
కారణం అని ఒక గడి ఉంటది.
అది నేనే నింపుత.

నీ ఆటల పడ్డోనికన్నా
ఎందుకు పడ్డడో తెల్వనియ్.
మెట్టు అంచుకు పసుపుపచ్చ గీత గియ్యి.
ఆ సందు తగ్గియ్యి.
పడ్డప్పుడల్ల మళ్ళ మంచం కాడికి పంపకు,
పడ్డ మెట్టు కాడనే లేవనియ్.

వాడు పలుకలే.
హెడ్‌ఫోన్ వైరు వేలికి చుట్టిండు, ఇప్పిండు.
పై మంచంల ఎవరో ఏసీ తక్కువ చెయ్యమన్నరు.

ఇంకొకటి, అన్న, జర మెత్తగ.
బస్సు పోయినప్పుడల్ల చూసిన,
ఎనుక సీట్ల ఒకని తల
టాపు చీల్చుకోని బయటికి వస్తున్నది.
అది సరిచెయ్యి.

"అది తప్పు కాదన్నా" అన్నడు స్క్రీను దిక్కే చూసుకుంట.
"అది నువ్వు. పొడుగు గదా."

వంగి చూసిన.
నాలుగు తెల్ల చుక్కల హెల్మెట్.
పదిహేడుసార్లు
నన్ను నేనే ఇడిసిపెట్టి పోయిన.

అట్లైతె సీటు జర కిందికి దించు, అన్న.
తల కొయ్యకు.

"పచ్చనా, ఎర్రనా?" అన్నడు.
ఇయ్యాల శుక్రవారం, జేబుల రెండూ లేవు.
జరుగు అని
బటన్ మీద వేలు పెట్టిన.